సర్టిఫికెట్ బరువెంత?

పరీక్ష మొదలవగానే తెరమీద ఒక అల్యూమినియం పలక బొమ్మ కనిపిస్తుంది. పొడవు 100 మిల్లీమీటర్లు, వెడల్పు 60, మందం 20. సరిగ్గా నడిమధ్యన, పైనుంచి కిందిదాకా, 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న రంధ్రం. అడిగే మొదటి ప్రశ్న: ఈ పలక బరువు ఎన్ని గ్రాములు?

పదో తరగతి క్షేత్రగణితం చాలు. పలక ఘనపరిమాణం 1,20,000 ఘన మిల్లీమీటర్లు. 6061 రకం అల్యూమినియం ఒక ఘన మిల్లీమీటరుకు 0.0027 గ్రాములు తూగుతుంది. అంటే 324 గ్రాములు. రంధ్రం తొలిచినప్పుడు పోయే లోహం 16.96 గ్రాములు. మిగిలింది 307.04. (బరువు అనకూడదు, ద్రవ్యరాశి అనాలని ఫిజిక్స్ మాస్టార్లు కోప్పడతారు. షాప్‌ఫ్లోర్‌లో ఎవరూ ద్రవ్యరాశి అనరు కాబట్టి నేనూ బరువనే అంటాను.)

వివరించడానికి వీలుగా బొమ్మను ఇంత తేలిక చేశాను. అసలు పరీక్షలో వచ్చే వస్తువులకు వంపులుంటాయి, వాలుగోడలుంటాయి, లోపల బోలుగా తొలిచిన గదులుంటాయి. వాటిని కాగితం మీద లెక్కకట్టడం అయ్యే పని కాదు. అభ్యర్థి ఆ వస్తువును కంప్యూటర్లో త్రీడీ మోడల్‌గా కట్టాలి, ఏ లోహమో చెప్పాలి, అప్పుడు సాఫ్ట్‌వేర్‌నే బరువు అడిగి ఆ అంకెను జవాబు పెట్టెలో నింపాలి. సాలిడ్‌వర్క్స్ అనే క్యాడ్ (కంప్యూటర్ సాయంతో డిజైన్ చేసే) సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు నడిపే సీఎస్‌డబ్ల్యూఏ, సీఎస్‌డబ్ల్యూపీ పరీక్షల్లో ప్రధానమైన పద్ధతి ఇదే. దిద్దేవాళ్లు మీ మోడల్ తెరిచి చూడరు. అంకె చూస్తారు, అంతే.

ఇదేం పరీక్ష, బొమ్మ గీయమని బరువు అడగడమేమిటి అనిపిస్తుంది. కాస్త ఆలోచిస్తే ఇందులోని చమత్కారం తెలుస్తుంది. మన పలకలోనే చూడండి. వ్యాసం 20 అన్నదాన్ని వ్యాసార్ధం అనుకుని గీస్తే రంధ్రం రెండింతల వెడల్పై, బరువు 256.14 గ్రాములకు పడిపోతుంది. రంధ్రం అవతలికి దిగిందని గమనించక 15 మిల్లీమీటర్ల లోతుకే ఆపేస్తే 311.28 వస్తుంది. లోహం పేరు మార్చడం మరిచిపోతే అంకె ఎక్కడికో పోతుంది. కొలతలు మిల్లీమీటర్లకు బదులు అంగుళాల్లో పెట్టుకుంటే చెప్పనే అక్కర్లేదు. ఎక్కడ పొరబడినా ఆ తప్పు చివరికి గ్రాముల్లో బయటపడుతుంది. వందల గీతలున్న డ్రాయింగును అర్థం చేసుకున్నాడా లేదా అని తేల్చడానికి ఒక్క అంకె చాలునన్నమాట. ఆప్షన్లు ఇచ్చే ప్రశ్నల్లో, వాటిలో మీ జవాబుకు 1 శాతం తేడాలోపు ఏదీ లేకపోతే మోడల్ మళ్లీ చూసుకొమ్మని ప్రశ్నలోనే ఒక హెచ్చరిక ఉంటుంది. దయగల మాటే, కానీ గడియారం ఆగదు.

అసలు పరీక్ష రెండో ప్రశ్నలో ఉంటుంది. అదే పలక పొడవు 100 నుంచి 120కి మార్చండి, రంధ్రం మధ్యలోనే ఉండాలి, ఇప్పుడు బరువెంత, గరిమనాభి ఎక్కడ అంటారు. బరువు 371.84. ఇది ఎవరికైనా వస్తుంది. చిక్కంతా గరిమనాభితోనే. మొదట గీసేటప్పుడు రంధ్రాన్ని 'ఎడమ అంచునుంచి 50' అని కొలిచి పెట్టినవాడి మోడల్‌లో, పలక పొడవు పెరిగినా రంధ్రం 50 దగ్గరే కూర్చుంటుంది. గరిమనాభి 60.46 దగ్గర తేలుతుంది. 'రెండు అంచులకూ సమదూరం' అని నియమం పెట్టి గీసినవాడి మోడల్‌లో రంధ్రం తనంతట తానే 60కి జరుగుతుంది, గరిమనాభి 60.00. మొదటి ప్రశ్నలో ఇద్దరికీ 307.04 వచ్చింది, ఇద్దరికీ మార్కులు పడ్డాయి. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. కానీ ఆ తేడాలో ఒకడు బొమ్మ గీశాడని, ఇంకొకడు ఆ వస్తువు ఎలా మారాలో ముందే ఆలోచించి గీశాడని తెలిసిపోతుంది. ఈ వృత్తిలో దీన్ని డిజైన్ ఇంటెంట్ అంటారు. రేపు కస్టమర్ ఫోన్ చేసి కొలత మార్చమన్నప్పుడు మొదటివాడు రంధ్రాలన్నీ వెతికి ఒక్కొక్కటే జరుపుతాడు. రెండోవాడు ఒక అంకె మార్చి టీ తాగడానికి వెళతాడు.

కంప్యూటర్ గీతకు ఈ గుణం నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి తన పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం రాశాడు. టీఎక్స్-2 అనే కంప్యూటర్ తెరమీద లైట్‌పెన్‌తో చెయ్యి తిరిగినట్టు నాలుగు గీతలు గీసి, ఇవి ఒకదానికొకటి లంబంగా ఉండాలి, ఈ రెండూ సమానంగా ఉండాలి అని నియమాలు చెబితే, బొమ్మ తనకు తానే సర్దుకునేది. గీతకు బుద్ధి చెప్పడమంటే ఇదే. కానీ ఆ ఆలోచన మామూలు డిజైన్ ఆఫీసుకు చేరడానికి పాతికేళ్లు పట్టింది. 1982లో వచ్చిన ఆటోక్యాడ్ చిన్న కంప్యూటర్ల మీద నడిచి ప్రపంచమంతా పాకిందిగానీ, అది ప్రధానంగా డ్రాయింగ్ బోర్డుకు ఎలక్ట్రానిక్ రూపం. కొలతలు మారిస్తే త్రీడీ ఆకారమే మారే పద్ధతిని 1980ల చివర్లో ప్రో-ఇంజనీర్ వ్యాపారంలోకి తెచ్చింది. 1995లో సాలిడ్‌వర్క్స్ దాన్ని విండోస్ కంప్యూటర్ మీదికి దించింది.

ఈ మార్పులో ఒక సంగతి చాలామంది పట్టించుకోలేదు. డ్రాఫ్ట్స్‌మన్ పనితనం కంటికి కనపడకుండా పోయింది.

వెనకటి రోజుల్లో ఉద్యోగానికి వెళ్లే డ్రాఫ్ట్స్‌మన్ తన షీట్లు చుట్టచుట్టి చంకలో పెట్టుకుని వెళ్లేవాడు. చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ బల్ల మీద షీటు పరిచి, అద్దాలు సవరించుకుని, ఒక్క నిమిషం చూసేవాడు. బయటి గీత ముదురుగా, దాగిన అంచు తునకల గీతగా, మధ్యరేఖ సన్నగా, బారొకటి చుక్కొకటిగా ఉన్నాయా? గీత మొదట్లో ఉన్న ఒత్తిడే చివరిదాకా ఉందా? వంపు, తిన్నని గీత కలిసేచోట అతుకు తెలుస్తోందా? అక్షరాలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా? ట్రేసింగ్ కాగితం మీద బ్లేడుతో సిరా గీకిన మచ్చలెన్ని? ఇవన్నీ చూసి మనిషిని అంచనా కట్టేవాడు. ఆ షీటే సర్టిఫికెట్. వేరే కాగితం అడగాల్సిన పని ఉండేది కాదు.

ఇప్పుడు ప్లాటర్ నుంచి వచ్చిన షీటు మీద అందరి గీతా ఒక్కలాగే ఉంటుంది. నెల్లాళ్లు నేర్చినవాడిదీ పదేళ్లు చేసినవాడిదీ అవే అక్షరాలు, అదే నలుపు. పనితనమంతా ఫైలు లోపల దాక్కుంది: ఏ ఫీచర్ మీద ఏది ఆధారపడింది, లేయర్లు ఎలా విడదీశాడు, స్కెచ్‌లో నియమాలు పూర్తిగా పెట్టాడా, వదిలేశాడా. ఇంటర్వ్యూ చేసే మేనేజరుకు ఇరవై నిమిషాల్లో అదంతా విప్పి చూసే తీరికెక్కడిది? సర్టిఫికేషన్ పుట్టింది ఆ ఖాళీలోనే అని నా నమ్మకం. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు అది వ్యాపారం కూడా, కాదనను.

ఈ ఖాళీ గురించి అర్థశాస్త్రంలో మంచి సిద్ధాంతమే ఉంది. 1970లో జార్జ్ అకర్లాఫ్ పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని, సరుకు నాణ్యత అమ్మేవాడికి మాత్రమే తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు బజారే చెడిపోతుందని చూపించాడు. కొనేవాడు భయపడి తక్కువ ధర చెబుతాడు, ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు, చివరికి డొక్కులే మిగులుతాయి. మూడేళ్ల తర్వాత, 1973లో, మైకేల్ స్పెన్స్ ఉద్యోగాల బజారుకు దీనికో విరుగుడు చెప్పాడు. తన నాణ్యతను చాటుకోవడానికి అభ్యర్థి ఒక సంకేతం పంపవచ్చు. కానీ ఆ సంకేతం పనిచేయాలంటే ఒక షరతు ఉంది: పని వచ్చినవాడికి అది సులువుగా, రానివాడికి కష్టంగా దొరకాలి. ఇద్దరికీ ఒకే ఖర్చుతో దొరికేదైతే దానికి విలువ ఉండదు. జోసెఫ్ స్టిగ్లిట్జ్‌తో కలిపి వీళ్లిద్దరికీ 2001లో అర్థశాస్త్ర నోబెల్ ఇచ్చారు.

స్పెన్స్ షరతును పట్టుకుని హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర ఒక్కసారి తిరిగి చూడండి. బోర్డుల మీద బోర్డులు, చేతిలో పెట్టే పాంప్లెట్లు. ఆటోక్యాడ్, క్యాటియా, రెవిట్, ఏది కావాలంటే అది. ఫీజు కట్టి రెండు నెలలు కూర్చుంటే కోర్సు చివర బంగారు అంచుతో సర్టిఫికెట్. అక్కడ శ్రద్ధగా చెప్పే మాస్టార్లు ఉన్నారు, వాళ్ల దగ్గర నేర్చుకుని బాగుపడినవాళ్లూ ఉన్నారు. నేను అంటున్నది ఆ కాగితం సంగతి. పాఠం బుర్రకెక్కినవాడికీ ఎక్కనివాడికీ అది ఒకే ఖర్చుతో వస్తుంది. కాబట్టి స్పెన్స్ లెక్కలో అది సంకేతం కాదు, రసీదు. హాజరైనట్టు ఇచ్చే కాగితమూ నెగ్గినట్టు ఇచ్చే కాగితమూ చూడ్డానికి ఒకేలా ఉండటమే తల్లిదండ్రుల్ని మోసపుచ్చుతోంది. 'మావాడు క్యాడ్ సర్టిఫికెట్ చేశాడండీ' అనే మాటకు అర్థం ఈ రెండింటిలో ఏదైనా కావచ్చు.

డంప్స్ వ్యవహారం ఇంకొకటి. పాత ప్రశ్నలూ జవాబులూ పోగేసి బట్టీ కొట్టడం సాఫ్ట్‌వేర్ సర్టిఫికేషన్లన్నింటికీ పట్టిన చీడే. బట్టీ పట్టిన జవాబుకు టిక్కు పెట్టే పరీక్ష అయితే రానివాడికి ఖర్చు తగ్గిపోతుంది, సంకేతం చచ్చిపోతుంది. బరువు అడిగే పరీక్షకు ఈ చీడ అంత తేలిగ్గా పట్టదు. కొలతలు మారతాయి, వాటితో అంకె మారుతుంది. మోడల్ కట్టక తప్పదు.

ఇంతకీ ఎవరెవరు ఏమేం ఇస్తున్నారు? సాలిడ్‌వర్క్స్‌లో మొదటి మెట్టు సీఎస్‌డబ్ల్యూఏ, తర్వాత సీఎస్‌డబ్ల్యూపీ, ఆపైన సీఎస్‌డబ్ల్యూఈ. నడిమి మెట్టును మూడు భాగాలుగా విడివిడిగా రాయవచ్చు. ఆటోడెస్క్ వాళ్ల మెట్లలో ముఖ్యమైనవి రెండు: కొత్తవాళ్లకు సర్టిఫైడ్ యూజర్, చేయి తిరిగినవాళ్లకు సర్టిఫైడ్ ప్రొఫెషనల్. మొదటిదానికి సుమారు 150 గంటల సాధన, రెండోదానికి 400 నుంచి 1,200 గంటల అనుభవం ఉండాలని ఆ సంస్థ సూచిస్తుంది. ఈ అంకెల్ని కోర్సు ప్రకటనల పక్కన పెట్టి చూసుకోండి. రోజుకు గంటన్నర చొప్పున రెండు నెలలంటే 90 గంటలు. ప్రొఫెషనల్ సర్టిఫికెట్‌కు మూడేళ్ల గడువు కూడా ఉంది, తర్వాత మళ్లీ నిరూపించుకోవాలి. కొందరు దీన్ని డబ్బు గుంజే ఎత్తు అంటారు. ఏటా కొత్త వెర్షన్ వచ్చే చోట పదేళ్లనాటి కాగితానికి ఏం విలువ అని నేనంటాను.

సాఫ్ట్‌వేర్ పేరుతో సంబంధం లేని సర్టిఫికెట్లూ ఉన్నాయి. అమెరికాలో 1948లో పుట్టిన డ్రాఫ్టింగ్ సంఘం ఏడీడీఏ డ్రాఫ్టర్లకు పరీక్ష పెడుతుంది. అది తప్పనిసరి కాదు. అక్కడ డ్రాఫ్టర్‌గా పనిచేయడానికి ఏ సర్టిఫికెట్టూ ఉండి తీరాలన్న నియమం లేదని అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంకాల శాఖే చెబుతుంది, ఉంటే మంచిదని కూడా అంటుంది. మన దగ్గరా అంతే. డాక్టరుకూ లాయరుకూ ఉన్నట్టు క్యాడ్ ఆపరేటరుకు లైసెన్సు లేదు. ఐటీఐలో రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ట్రేడులు చదివితే వచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్, పాలిటెక్నిక్ డిప్లొమా మాత్రం ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్లలో పేరుపెట్టి అడిగే అర్హతలు. ప్రైవేటు సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్ వాటికి తోడు నిలుస్తుందే తప్ప వాటి స్థానంలోకి రాదు. ఐటీఐ వదిలేసి ఆ డబ్బుతో క్యాడ్ కోర్సు చేస్తానని ఎవరైనా పిల్లవాడు అంటే, గట్టిగా వద్దని చెప్పండి.

ఇక నాకు ఎక్కువ ముఖ్యమనిపించే చోటికి వస్తాను. 307.04 అని సరిగ్గా చెప్పిన పిల్లవాడిని లేతు దగ్గరికి తీసుకెళ్లండి. మెషినిస్టు అడిగే మొదటి ప్రశ్నకు అతని దగ్గర జవాబు ఉండకపోవచ్చు. 'రంధ్రం 20 అన్నావు. ఎంత 20?'

లోకంలో ఏ యంత్రమూ కచ్చితంగా 20.000 మిల్లీమీటర్ల రంధ్రం తొలవలేదు. ఎంత తేడా ఒప్పుకుంటావో డ్రాయింగే చెప్పాలి. ఆ రంధ్రంలో ఒక షాఫ్టు సన్నని సందుతో తిరగాలంటే డిజైనరు 20 హెచ్7 / జీ6 అని రాస్తాడు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అప్పుడు రంధ్రం 20.000కు 20.021కి మధ్య, షాఫ్టు 19.980కి 19.993కి మధ్య ఉండాలి. అంటే రెండింటి మధ్య సందు కనీసం 7 మైక్రాన్లు, గరిష్ఠం 41. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, అందులో పదో వంతు సందులో నూనె నిలిచి షాఫ్టు తిరగాలి. కంప్యూటర్ మోడల్‌లో ఇదేమీ ఉండదు, అక్కడ షాఫ్టు 20, రంధ్రం 20, రెండూ అందంగా ఇమిడిపోతాయి. గ్రాముల పరీక్షలో ఈ అజ్ఞానం బయటపడదు. అవసరం లేనిచోట హెచ్7 రాసినా తప్పే: డ్రిల్లుతో అయిపోయే పనికి రీమర్ పెట్టాల్సివస్తుంది, ఖర్చు పెరుగుతుంది, మెషినిస్టు మనసులో ఏమనుకుంటాడో ఇక్కడ రాయడం బాగుండదు.

తేడాల లెక్కకు ఒక చక్కని కథ ఉంది. 1930ల చివర స్కాట్లండ్‌లోని అలెగ్జాండ్రియాలో బ్రిటిష్ నౌకాదళపు టార్పెడో ఫ్యాక్టరీలో స్టాన్లీ పార్కర్ పనిచేసేవాడు. బాగా పనిచేసే భాగాలను తనిఖీలో తోసేస్తున్నారని ఆయన గమనించాడు. లోపం డ్రాయింగు భాషలోనే ఉంది. ఒక రంధ్రం కేంద్రం అడ్డంగా 0.1, నిలువుగా 0.1 మిల్లీమీటరు అటూఇటూ ఉండవచ్చు అని రాశారనుకోండి. ఆ కేంద్రం తిరగగల చోటు ఒక చదరం అవుతుంది. చదరం మూలకు దూరం 0.141. అంటే ఐమూలగా 0.141 దూరం తప్పిన భాగం పాసు, నేరుగా పక్కకు 0.12 తప్పిన భాగం ఫెయిలు! బోల్టుకు దిక్కులతో పనేముంది, ఎటు తప్పినా దానికి ఒకటే. కాబట్టి హద్దు గుండ్రంగా ఉండాలి. చదరం నాలుగు మూలలనూ తాకే వృత్తం గీస్తే, దాని వైశాల్యం చదరం కంటే 57 శాతం ఎక్కువ. భాగం పనితీరు ఏమాత్రం చెడకుండానే ఒప్పుకోదగ్గ తావు అంత పెరిగింది. ఇప్పుడు జీడీ అండ్ టీ అని పిలిచే జ్యామితీయ కొలతల భాషకు ఇది పునాదుల్లో ఒకటి. అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఏఎస్ఎంఈ తన వై14.5 ప్రమాణం మీద టెక్నాలజిస్ట్, సీనియర్ అని రెండు స్థాయిల్లో సర్టిఫికెట్ ఇస్తుంది. మౌస్ పట్టుకోవాల్సిన పనే లేని పరీక్ష అది. యంత్రభాగాల డిజైన్‌లో నాలుగైదేళ్లు పనిచేసి, తర్వాత ఏ సర్టిఫికెట్ చేయాలని అడిగేవారికి నేను మరో సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను, ఇదే చెబుతాను.

మనవాళ్లకు ఈ డ్రాయింగు భాషతో సంబంధం దగ్గరిది. ఇంజనీరింగ్ డిజైన్ సేవలు హైదరాబాద్‌లో కొత్తవి కావు. బీవీఆర్ మోహన్‌రెడ్డి 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌ను, అంటే నేటి సైయెంట్‌ను, స్థాపించింది ఇక్కడే. ఈ రంగంలో కస్టమరు తరచూ అమెరికాలోనో ఐరోపాలోనో ఉంటాడు. మన పాలిటెక్నిక్‌లోనూ ఇంజనీరింగ్ కాలేజీలోనూ నేర్పేది ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్: పైనుంచి చూసిన దృశ్యాన్ని ముందు దృశ్యం కింద వేస్తాం, కుడివైపు దృశ్యాన్ని ఎడమపక్కన వేస్తాం. అమెరికా వాళ్లది థర్డ్ యాంగిల్: పై దృశ్యం పైన, కుడి దృశ్యం కుడిపక్కన. షీటు మూలన ఇది ఏ పద్ధతో చెప్పే తెగిన శంకువు గుర్తు చూసుకోకుండా పనిలోకి దిగితే, కుడిచేతికి అమరాల్సిన భాగం ఎడమచేతిదిగా తయారవుతుంది. అద్దంలో చూసుకుంటే తప్ప పనికిరాదు. తమాషా ఏమిటంటే దాని బరువు మాత్రం సరిగ్గానే ఉంటుంది. ఇలాంటి తప్పును గ్రాములు పట్టుకోలేవు.

సంస్థల స్థాయిలో జరిగే తప్పులకైతే ఎవరి సర్టిఫికెట్టూ అడ్డుపడలేదు. ఎయిర్‌బస్ ఏ380 విమానం ఆలస్యానికి ముఖ్య కారణాల్లో ఒకటి, జర్మనీ, స్పెయిన్ బృందాలు క్యాటియా నాలుగో వెర్షన్‌లోనూ ఫ్రాన్స్, బ్రిటన్ బృందాలు ఐదో వెర్షన్‌లోనూ పనిచేయడం. ఒక్కో విమానంలో సుమారు 530 కిలోమీటర్ల తీగ. హాంబర్గ్‌లో కట్టిన తీగల కట్టలు తులూజ్‌లో విమానంలో అమర్చబోతే పొడవు చాలలేదు. 2006 జూన్‌లో ఆ ఆలస్యం బయటపెట్టాక మాతృసంస్థ షేరు ఒక్కరోజులో 26 శాతం పడిపోయింది. ఆ బృందాల్లో పనిరానివాళ్లెవరూ లేరు. ఎవరి ఫైల్లో చూసినా ఎవరి మోడల్ వాళ్లకు సరిగ్గానే ఉంది.

మరి మొత్తంమీద చేయమంటారా, మానమంటారా అని అడుగుతారు. చేయమంటాను, ఎప్పుడు, ఏది అన్నది చూసుకుని. పెళ్లిళ్లలో జాతకం చేసే పని ఇక్కడ సర్టిఫికెట్ చేస్తుంది: చూపులకు పిలిపిస్తుంది, కాపురం చేయించదు. చేతిలో అనుభవం లేని కొత్తవాడికి దాని విలువ ఎక్కువ, ఎందుకంటే చూపించడానికి అతని దగ్గర ఇంకేమీ లేదు. పదేళ్లు పనిచేసినవాడికి తక్కువ, అతని పేరు అతనికంటే ముందే వెళుతుంది. సొంతంగా ఇంటినుంచి విదేశీ పనులు పట్టేవాడికి మళ్లీ ఎక్కువ, కస్టమరు అతని ముఖం చూడలేదు కదా.

సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడంలో పక్కింటి అబ్బాయిని చూడకండి, మీరు వెళ్లదలచిన పనిని చూడండి. భవనాల వైపు అయితే ఆటోక్యాడ్, రెవిట్. కార్లు, విమానాల వైపు అయితే క్యాటియా, ఎన్ఎక్స్. చిన్న యంత్రాలు, జిగ్గులు, ఫిక్స్చర్లు అయితే సాలిడ్‌వర్క్స్. డై, మౌల్డుల లోకంలోకి వెళ్లాలనుకునేవారికి బాలానగర్‌లో 1968 నుంచీ ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఐటీడీ ఒక మంచి గుమ్మం, అక్కడ తెరమీద గీసింది పక్క షెడ్డులోనే లోహంగా మారడం చూడొచ్చు. సర్టిఫికెట్ ఏదైనా దానికి ఆన్‌లైన్‌లో సరిచూసుకునే లింకు ఉందా అని ముందే అడగండి. లేకపోతే అది గోడకు పనికొస్తుంది. విద్యార్థులైతే ఫీజు కట్టేముందు కాలేజీలో ఒకమాట అడగడం మరవద్దు. సాలిడ్‌వర్క్స్ విద్యా లైసెన్సు ఉన్న కాలేజీల్లో మొదటి మెట్టు పరీక్షను ఉచితంగా రాయించే ఏర్పాటు ఉంది, అడిగే విద్యార్థి లేక వాడుకోని కాలేజీలూ ఉంటాయి.

పరీక్షకు ముందు ఇంట్లోనే ఒక పని చేసి చూడండి. ఊడిపోయిన పాత తలుపు బందు తీసుకోండి. వెర్నియర్‌తో కొలవండి, మోడల్ కట్టండి, ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములని ఇచ్చి బరువు అడగండి. తర్వాత ఆ బందునే తూకం వేయించండి, కిరాణా కొట్టు కాటా చాలకపోతే బంగారు కొట్టుకు వెళ్లండి, ఏమీ అనుకోరు. రెండు అంకెలకూ 1 శాతం కంటే తేడా ఉంటే ఎందుకో కనుక్కునేదాకా వదలొద్దు. తేడా పోయాక డ్రాయింగు ప్రింటు తీసి, బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఒక లేతు షెడ్డుకు తీసుకెళ్లి, ఇది చేసిపెడతారా అని అడగండి. ఆ మేస్త్రి తిరిగి మిమ్మల్ని ఏమేం అడిగాడో ఒక కాగితం మీద రాసుకోండి. వాటికి జవాబులు నేర్చుకున్న తర్వాత పరీక్ష ఫీజు కట్టండి.